చక్రవర్తి వెన్‌కి ఓ కూతురి అర్జీ

చైనా చక్రవర్తుల్లో నాకు బాగా నచ్చినవాడు హాన్ వంశపు వెన్. క్రీ.పూ. 180 నుంచి 157 దాకా ఏలాడు. క్రీ.పూ. 167లో చున్‌యు యీ అనే వైద్యుడికి అంగచ్ఛేద శిక్ష పడబోయింది. అయిదుగురూ ఆడపిల్లలే, కష్టానికి అక్కరకొచ్చే కొడుకు లేడని ఆయన విసుక్కున్నాడు. ఆ మాటకి చిన్నకూతురు తీయింగ్ ఏడుస్తూ తండ్రి వెంటే రాజధాని చాంగాన్ వెళ్లింది. తెగిన అవయవం మళ్లీ అతకదని, నాన్నకి బదులు తాను ప్రభుత్వానికి బానిసగా ఉంటానని అర్జీ పెట్టుకుంది. మేమూ ముగ్గురం ఆడపిల్లలమే. ఇది చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

వెన్ ఆ శిక్షలనే రద్దు చేశాడు. ముక్కు కోయడానికి బదులు 300 దెబ్బలు పెట్టారు. వాటికీ మనుషులు చచ్చిపోయేవారు, అదీ చెప్పాలి. ఆయన కొడుకు జింగ్ గద్దెనెక్కాక ఆ సంఖ్యను రెండు విడతల్లో 100కి తగ్గించాడు.