ఏవీ రామారావు గారి సైటేషన్లు లెక్కపెట్టాలంటే

ఆర్గానిక్ కెమిస్ట్ ఎవరి పేరు వచ్చినా ఇప్పుడు ముందు హెచ్-ఇండెక్స్ చూస్తున్నారు, అంటే సైటేషన్లను (ఆ మనిషి పేపర్లను ఇతర పేపర్లు ఉదహరించిన సార్లను) బట్టి లెక్కకట్టే అంకె. గుంటూరులో పుట్టి, పుణె ఎన్‌సీఎల్‌ (నేషనల్ కెమికల్ లేబొరేటరీ)లో పనిచేసి, 1985 నుంచి 1995 దాకా హైదరాబాద్ ఐఐసీటీకి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) డైరెక్టరుగా ఉన్న ఏవీ రామారావు గారి విషయంలో ఆ అంకె దగ్గరే ఆగితే సగం పని కంటికి ఆనదు.

మొదటి చిక్కు పేరుతోనే. ఒకే మనిషి ఒక పేపర్లో ఎ.వి. రామారావు, ఇంకోదాంట్లో రావు ఎ.వి.ఆర్. డేటాబేసులు చివరి మాటను ఇంటిపేరనుకుంటాయి కాబట్టి మన రావులు, రెడ్లు అందరూ ఒకే రాశిలో కలుస్తారు. పేరుతో పాటు సంస్థను కూడా జోడించి వెతకాలి. అక్కడ ఇంకో మెలిక ఉంది: ఐఐసీటీకి ఆ పేరు 1989లో వచ్చింది, అంతకుముందు అది రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ (ఆర్‌ఆర్‌ఎల్). కాబట్టి ఎన్‌సీఎల్, ఆర్‌ఆర్‌ఎల్, ఐఐసీటీ మూడూ వేసి వెతికి, సహరచయితల పేర్లు చూసి ఏరుకోవాలి. ఇప్పటివాళ్లకైతే పరిశోధకుణ్ణి పేరుతో పనిలేకుండా గుర్తించే 16 అంకెల ఆర్కిడ్ ఐడీ ఉంటుంది, ఆ తరానికి అది లేదు.

సైటేషన్లు లెక్కపెట్టే స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్, గూగుల్ స్కాలర్ డేటాబేసుల అంకెలు ఒకదానితో ఒకటి కలవవు. స్కాలర్ థీసిస్‌లనూ ప్రీప్రింట్లనూ కలుపుకుంటుంది కాబట్టి దానిదే సాధారణంగా పెద్ద అంకె. ఇద్దర్ని పోల్చేటప్పుడు ఇద్దరికీ ఒకే డేటాబేస్ వాడాలి, ఏ తేదీన చూశారో రాసిపెట్టుకోవాలి.

2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ లెక్క తేలికే: కనీసం 5 సైటేషన్లు చొప్పున ఉన్న పేపర్లు 5 ఉంటే హెచ్ 5, అలా కుదిరే అతి పెద్ద అంకె తీసుకోవాలి. పేపర్లను సైటేషన్ల వరసలో పెద్దదాని నుంచి పేర్చండి: 40, 22, 15, 9, 6, 5, 3. అయిదో పేపరుకి 6 ఉన్నాయి, సరిపోయింది. ఆరోదానికి 5 మాత్రమే, చాలలేదు. హెచ్ 5. మొదటి పేపరుకి 40 బదులు 10,000 ఉన్నా హెచ్ 5 దాటదు. తమ పేపర్లను తామే ఉదహరించుకున్నవి తీసేసి మళ్లీ చూడాలి. అయితే పదేళ్లపాటు ఒకే అణువు మీద పనిచేసేవాళ్లు తమ పాత మెట్లను చెప్పకుండా ముందుకు పోలేరు, దాన్ని తప్పు పట్టక్కర్లేదు.

అసలు తేడా పని తీరులో ఉంది. 1995లో కెమికల్ రివ్యూస్ 95వ సంపుటం 2135వ పేజీలో రామారావు, గుర్జర్ తదితరులు వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ సంశ్లేషణ (ల్యాబులో అణువును కట్టడం) ప్రయత్నాల మీద రాసిన సమీక్ష ఉంది. అదే సంపుటం 2457వ పేజీలో మియౌరా, సుజుకి బోరాన్ కప్లింగ్ (బోరాన్ ఉన్న ముక్కను ఇంకో కార్బన్ ముక్కతో అతికే పద్ధతి) సమీక్ష ఉంది. రెండోదానికి 10,000 పైచిలుకు సైటేషన్లు, మొదటిదానివి అందులో చిన్న వంతు. కారణం తెలిసిందే. బోరోనిక్ ఆసిడ్, పల్లాడియం వాడే ప్రతి ల్యాబూ సుజుకిని ఉదహరిస్తుంది, మందుల కంపెనీ అయినా, ఎల్‌ఈడీ పదార్థాలవాళ్లయినా. వాంకోమైసిన్ పెప్టైడ్ వలయాలను మూయడంలో ఉండే ఇబ్బంది, డైఅరైల్ ఈథర్ (రెండు బెంజీన్ వలయాల మధ్య ఆక్సిజన్ వంతెన) కట్టేటప్పుడు క్లోరిన్ ఉన్న వలయం వేరే వైపుకి తిరిగి ఉండిపోయి తప్పు అట్రోపైసోమర్ (అదే అణువుకి తిరిగిన వైపు వేరైన రూపం) రావడం, కొద్దిమంది తలనొప్పి మాత్రమే. పైగా 1998లో దాని అగ్లైకాన్ (చక్కెర ముక్కలు లేని ప్రధాన భాగం) సంశ్లేషణ పూర్తయ్యింది, లక్ష్యం చేరాక దారి గురించి అడిగేవాళ్లు తగ్గుతారు. ఈ రెండు సమీక్షల్లో ఏది కష్టమైన కెమిస్ట్రీ అంటే నేను వాంకోమైసిన్ వైపే ఉంటాను.

మరీ బాగా స్థిరపడిన పద్ధతికి ఉన్న సైటేషన్లు కూడా ఆగిపోతాయి. మెగ్నీషియంతో కార్బన్ బంధాలు కట్టే గ్రిన్యార్డ్ రియాక్షన్ చేసేవాళ్లు ఎవరూ గ్రిన్యార్డ్ మూల పేపర్ పెట్టరు.

ఇక ఏజెడ్‌టీ. ఐఐసీటీ ఇచ్చిన పద్ధతితో 1990ల మొదట్లో సిప్లా ఆ ఎయిడ్స్ మందును మన దేశంలో తయారుచేసింది. థైమిడిన్ అనే ముడి అణువులో చక్కెర భాగపు 3వ కార్బన్ మీది హైడ్రాక్సిల్ స్థానంలో అజైడ్ పెట్టాలి, కానీ నేరుగా పెడితే దిశ తిరగబడుతుంది. అందుకే ముందు లోపలి వలయం కట్టి, దాన్ని అజైడ్‌తో తెరిచి రెండుసార్లు తిప్పుతారు. పెద్ద రియాక్టరులో సోడియం అజైడ్‌కి ఆమ్లం తగిలితే పేలే హైడ్రజోయిక్ ఆసిడ్ వస్తుంది, డైక్లోరోమీథేన్ కలిస్తే డైఅజిడోమీథేన్ అనే మరో గండం. వీటిని దాటిన ప్లాంటు మనిషి ఏ జర్నల్లోనూ ఎవరినీ ఉదహరించడు. ఆ పని వెతకాలంటే ఐఐసీటీ మాతృసంస్థ సీఎస్‌ఐఆర్ పేరుతో ఉన్న పేటెంట్లలో, ఆవిష్కర్తల గడిలో వెతకాలి.