వదిన అన్న మాట

“ఏదో వాసన వస్తోంది కదూ” అంది వదిన, గుమ్మంలోనే, ఇంకా కాళ్ళకి పసుపైనా రాయకముందే. హాల్లో నలుగురు పేరంటాళ్ళు కూర్చుని ఉన్నారు. అందరూ ఒకేసారి గాలి పీల్చి, ఒకేసారి చేతిలో శనగల కేసి చూసుకున్నారు. ఇప్పుడు టైము పదకొండు దాటింది. ఇల్లంతా పడుకుంది. నాకు మాత్రం ఆ “కదూ” నిద్ర పట్టనివ్వడం లేదు.

వాసన ఉంది. లేదనను. మా పిల్లి జున్నుగాడి పుణ్యం. ఎండాకాలంలో పోయిందనుకున్నది నిజానికి పోలేదు, దివాన్ మీది పరుపులో ఎండి కూర్చుంది. పిల్లి ఉచ్చలో ఉండే యూరిక్ యాసిడ్ నీళ్ళతో ఒక పట్టాన వదలదు. ఎంత కడిగినా మిగతావి పోతాయి గానీ అది పలుకులై అడుగున ఉండిపోయి, గాలిలో తేమ పెరగగానే మళ్ళీ లేస్తుంది. శ్రావణంలో తేమకి కొదవా! పైగా అది బూరుగు దూది పరుపు, పెళ్ళికి అమ్మ కుట్టించి ఇచ్చింది. ఉతకడానికి లేదు, పారెయ్యడానికి మనసు రాదు.

ఈయన ముక్కు సంగతి సరేసరి. “నాకేం రావట్లేదే” అంటూనే ఫినాయిల్ సీసా ఎత్తుతారు. వద్దు మహాప్రభో! పిల్లి ఆ నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది, అలాంటి మందుల్ని దాని లివర్ అరిగించుకోలేదు. బ్లీచింగ్ పౌడరైతే మనకే ముప్పు, ఉచ్చలోని అమ్మోనియాతో కలిస్తే విషపు గాలి వస్తుంది. ఎంజైములున్న ద్రావణం ఒకటి తెప్పించాను. ఆ సీసా ధరకి నెల కందిపప్పు వస్తుంది. ఉచ్చ ఎంత లోతుకి దిగిందో అంత లోతూ తడిసేలా పోసి, తుడవకుండా వదిలేస్తే దానంతటదే ఆరాలిట. ఈ వానల్లో, బూరుగు దూది, దానంతటదే ఆరడం! వంటసోడా చల్లితే పైపైన తగ్గింది. అత్తయ్య సాంబ్రాణి వేశారు, ఇప్పుడు రెండు వాసనలు.

“అదే పునుగు పిల్లైతే శుక్రవారం స్వామివారికైనా పనికొచ్చేది” అన్నారావిడ. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక పూసే పునుగు తైలం గురించి. పునుగు అసలు పిల్లి జాతే కాదత్తయ్యా, ఆ తైలం ఉచ్చ కూడా కాదు, దానికి వేరే గ్రంథి ఉంటుంది అని చెప్పబోయి ఊరుకున్నా. “అయితే నీది ఎందుకూ కొరగాదన్నమాట” అంటారు, నాకు తెలుసు.

ఇలాంటి వాసన వచ్చినప్పుడల్లా నాకు పెద్ద మామయ్య పెళ్ళిచూపులే గుర్తొస్తాయి. అమ్మమ్మ ఇంట్లో పిల్లికి ట్రేలూ, డబ్బు పెట్టి కొన్న మట్టీ ఏమీ లేవు. పెరట్లో పొయ్యి బూడిద పోసే గుంట ఉండేది, అందులో గోకి, పని కానిచ్చి, కప్పెట్టి వచ్చేసేది. ఆ రోజు వానకి గుంట నిండిందో ఏమో, మంచం మీద మడతపెట్టి ఉంచిన మామయ్య టెర్లిన్ ప్యాంటు మీద పోసింది. బయటికి వేసుకోడానికి ఉన్నది అదొక్కటే. అమ్మమ్మ కుంకుడు రసంతో గబగబా ఉతికి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో తడి ఆర్చింది. ఆ వేడికి కంపు ఇంకా లేచింది. బస్సులో మామయ్య పక్క సీటు చివరిదాకా ఖాళీయేనట. పెళ్ళివారింట్లో అందరూ మర్యాదగా ఉప్మా తింటున్నారు. పిల్ల నాయనమ్మకి కళ్ళు సరిగ్గా ఆనవు గానీ ముక్కు బ్రహ్మాండం. “మీ ఇంట్లో పిల్లి ఉందా నాయనా?” అనడిగింది. మామయ్యకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఉందండీ అన్నాడు. “అయితే గాదెలో గింజలున్నట్టే” అని ఆవిడ అక్కడికక్కడే సంబంధం ఖాయం చేసేసింది. మామయ్య చెప్పే కథల్లో సగం మసాలానే. కానీ ఆ అత్త మాత్రం దీన్ని ఏనాడూ కాదనలేదు.

వదిన కూడా ఆ ముసలావిడలా అడిగి ఉండొచ్చుగా అని రాయబోయాను. కానీ ఆలోచిస్తుంటే, మిగతా నలుగురూ అరగంట నుంచి ఆ దివాన్ మీదే కూర్చుని ఉన్నారు. పై అంతస్తు ఆవిడ పోయిన శుక్రవారం కూడా అక్కడే కూర్చుంది. ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. లిఫ్టులో చెప్పుకునే ఉంటారు. రోజూ పీల్చే ముక్కులం కదా, ఎంత దూరం పాకిందో మాకు తెలియదు. మొహం మీద చెప్పింది వదినొక్కత్తే. ఆ లెక్కన నయమే.

అయినా వంటింట్లోకి పిలిచి చెప్పాల్సింది. అది మాత్రం మార్చుకోను.

డాక్టరు గారు జున్నుగాణ్ణి చూసి రోగమేమీ లేదన్నారు. మగపిల్లులకి మూత్రనాళం సన్నం, పూర్తిగా అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది, అదే నా టెన్షన్. సరిహద్దు గుర్తులూ కావట. అలా చల్లేవి నిలబడి, తోక వణికిస్తూ గోడలకి చల్లుతాయి, వీడు శుభ్రంగా కూర్చుని పోస్తున్నాడు. నా అనుమానమల్లా బాల్కనీ పిట్టగోడ ఎక్కి గుర్రుమనే ఆ వీధి గండుపిల్లి మీదే. అది వచ్చిపోయిన రోజు వీడు బాల్కనీలో ట్రే దాకా వెళ్ళడు. లోపల ఇంకో ట్రే పెట్టమన్నారు. “మనకే ఒకటిన్నర బాత్రూము, దానికి రెండా?” అని అత్తయ్య. చిన్నది అప్పుడే కొత్త ట్రే మీద స్కెచ్ పెన్నుతో ‘జున్ను ఆఫీస్’ అని రాసేసింది.

ఆదివారం ఎండ కాస్తే పరుపు విప్పి దూది ఆరబోస్తాం. కాయకపోతే అది తీసేసి నవారు మంచం వేద్దామంటున్నారు అత్తయ్య. నవారుకి కూడా పట్టించాడంటే ఇక ఆ ముడులు విప్పి ఉతకడం నా వల్ల కాదు, ఈయన చూసుకోవాల్సిందే.