బొగ్గు కన్వేయరుకు కొత్త బెల్టు ఎక్కించి జాయింటు వేయించిన నా అనుభవం

గోదావరి లోయ బొగ్గు గనుల ప్రాంతంలోని ఒక కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటులో మెకానికల్ మెయింటెనెన్స్ విభాగంలో పనిచేస్తున్నప్పుడు, హెడ్ పుల్లీకీ (బొగ్గు దించే కొసన ఉండే చక్రం) టెయిల్ పుల్లీకీ (బొగ్గు పోసే కొసన ఉండే చక్రం) నడుమ 180 మీటర్ల దూరమున్న ఒక ఏటవాలు కన్వేయరుకు కొత్త బెల్టు ఎక్కించే బాధ్యత నాకు అప్పగించారు. బెల్టు వెడల్పు 1,200 మిల్లీమీటర్లు. రకం ఈపీ 800, అంటే పడుగు పాలియెస్టరు, పేక నైలాను అయిన బట్ట. మా బెల్టులో అది నాలుగు ప్లైలుగా (పొరలుగా) ఉంది. జాయింటు వల్కనైజింగ్ బృందం (వేడితో, పీడనంతో రబ్బరును అతికించేవారి) పని, బిగువు ఆ తరువాత మనం చూసుకోవలసిన పని అని మా దగ్గర అందరూ విడదీసి మాట్లాడేవారు. నాకది ఒప్పుదల కాలేదు. గ్రావిటీ టేకప్‌లో (బరువు వేలాడదీసి బెల్టును బిగువుగా ఉంచే ఏర్పాటులో) బిగువునిచ్చేది వేలాడే బరువే అయినా, ఆ బరువు కింద నేలకో పైన స్టాపరుకో తగలకుండా స్వేచ్ఛగా వేలాడుతుందా లేదా అన్నది బెల్టును ఎక్కడ కోశామన్న దాన్నిబట్టే తేలుతుంది.

అసలు వాదన బరువు దగ్గరే వచ్చింది. పాత బెల్టు వానాకాలంలో స్టార్టింగులో జారుతుండటంతో, షిఫ్టుల్లో ఎవరికి వారు కౌంటర్ వెయిట్ (ఆ వేలాడే బరువు) పెట్టెలో అదనంగా దిమ్మెలు వేస్తూ వచ్చారు. డ్రైవ్ పుల్లీ (మోటారుతో తిరిగి బెల్టును లాగే చక్రం) చూస్తే దాని రబ్బరు లాగింగ్ (పట్టునిచ్చే తొడుగు) అరిగిపోయి ఇనుము బయటపడి ఉంది. పుల్లీని బెల్టు 210 డిగ్రీల మేర చుట్టుకొని ఉన్నప్పుడు, లాగింగ్ బాగుంటే వదులు వైపు (బెల్టు డ్రైవ్ పుల్లీని దాటి వెళ్లే వైపు) ఉండవలసిన బిగువు, లోడును లాగే బలంలో దాదాపు 0.38 వంతు చాలు. వట్టి ఇనుముపై అది 0.66 వంతుకు పెరుగుతుంది. పెంచిన బరువు వదులు వైపుతో ఆగదు, బిగువు వైపునా అంతే పెరిగి జాయింటునూ బేరింగులనూ రోజంతా లాగుతుంది. అందుకే ముందు లాగింగ్ మార్పించి, దిమ్మెలు తీయించి, బరువును డ్రాయింగులో ఉన్నంతకే తెప్పించాను. బరువును బెల్టు రెండు పాయలుగా మోస్తుంది గనుక, మూడు టన్నులు వేలాడదీస్తే ఒక్కో బెల్టు పాయపై పడేది ఒకటిన్నర టన్నే అన్న సంగతి పెట్టె నింపేవారికి తెలిసి ఉండాలి.

ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి పని చేసుకోవడానికి అనుమతి) తీసుకొని, బ్రేకరు బయటికి లాగించి, కౌంటర్ వెయిట్‌ను చైన్ బ్లాకులతో పైకెత్తి అడ్డ దూలాలపై నిలబెట్టాము. పాత బెల్టుకు కొత్తదాన్ని కట్టి వించితో లాగడంలో చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు, ఏటవాలు మీద బెల్టు వెనక్కి జారకుండా రెండు చోట్ల క్లాంపులు వేయడం తప్ప. బట్ట బెల్టు మొదటి కొన్ని వారాల్లో సాగుతుంది. ఆ సాగుదలంతా క్యారేజి (కౌంటర్ వెయిట్ వేలాడే పుల్లీ చట్రం) కిందికి దిగి సర్దుకోవాలి. కాబట్టి క్యారేజిని దాని ప్రయాణంలో పై నుంచి నాలుగో వంతు దగ్గర ఉంచి, రెండు కొసలనూ క్లాంపులతో ఎదురెదురుగా లాగి, రిటర్న్ ఐడ్లర్ల (తిరుగు బెల్టును మోసే రోలర్ల) మధ్య వేలాడే వదులు పోయాకే కోత గీత గీయించాను.

జాయింటులో రెండు కొసల ప్లైలనూ మెట్లుమెట్లుగా ఒలిచి ఒకదానిపై ఒకటి పరుస్తారు. తయారీదారు పట్టిక ప్రకారం ఒక్కో మెట్టు 250 మిల్లీమీటర్లు, ఏటవాలు కోతకు 480. నాలుగు ప్లైలకు మూడు మెట్లు కనుక ఒక కొస మీద మరొకటి పరుచుకోవలసిన పొడవు 1,230 మిల్లీమీటర్లు. దీన్ని కలుపుకోకుండా కోస్తే బెల్టు అంత మేర పొట్టిదవుతుంది. మెట్ల జాయింటులో ఒక ప్లై బలం ఎలాగూ పోతుంది. మిగిలిన మూడింటిలో ఒకదానికి కత్తిగాటు పడితే ఇక మిగిలేదేమిటి? అందుకే ప్లై ఒలిచేటప్పుడు నేను అక్కడినుంచి కదలలేదు. రెండు కొసలూ ఒకే వరుసలో కలవాలంటే మధ్య గీతకు ఒక్క చోట కొలిస్తే సరిపోదు, అంచులు నిక్కచ్చిగా ఉండవు. కొంత దూరం వెనక్కి వెళ్లి పలుచోట్ల వెడల్పు కొలిచి, మధ్య బిందువులను దారంతో కలిపి, ఆపైన రెండు కర్ణాలూ సమానమో కాదో చూశాము.

బఫింగ్ (ఉపరితలాన్ని గరుకు చేయడం) తరువాత సొల్యూషన్ (రబ్బరు జిగురు) రెండు పూతలు వేశాము. ఒక్కో పూత వేలి వెనుకభాగానికి అంటనంతగా ఆరాలి. గాలిలో తేమ ఉంటే ఆలస్యమవుతుంది, తొందరపెట్టకూడదు. టార్పాలిన్ కింద పని చేయించాము. ప్రెస్సు (జాయింటును వేడి ప్లేట్ల నడుమ నొక్కే యంత్రం) 145 డిగ్రీలకు చేరి, ప్లేట్లన్నీ అదే వేడి చూపించాకే సమయం లెక్కపెట్టడం మొదలుపెట్టాము. పీడనం చదరపు సెంటీమీటరుకు 7 కిలోలకు తగ్గలేదు. వేడి ఆపగానే ప్రెస్సు విప్పుదామన్నారు గానీ, 80 డిగ్రీల లోపుకు దిగేవరకు పీడనం వదలనివ్వలేదు. వేడిగా ఉండగా వదిలితే లోపలి ఆవిరి బుడగలై ప్లైలను విడదీస్తుంది.

ఖాళీగా నడిపినప్పుడు బెల్టు ఒకచోట పక్కకు జరిగింది. బెల్టులో అదే భాగం ఎక్కడికి వెళ్లినా జరుగుతుంటే తప్పు జాయింటుది. స్ట్రక్చరులో ఒకేచోట, ఏ భాగం వచ్చినా జరుగుతుంటే తప్పు ఐడ్లర్లది. మాది రెండోది. బెల్టు ఐడ్లరు ఏ కొసను ముందుగా తాకుతుందో అటు జరుగుతుంది గనుక, బెల్టు జరిగిన వైపు ఐడ్లరు చివరను బెల్టు నడిచే దిశలో కొద్దిగా ముందుకు జరిపించి, బెల్టు కొన్ని చుట్లు తిరిగేదాకా ఆగి చూశాకే తరువాతిదాన్ని కదిలించాను. లోడుతో నడిచాక క్యారేజి ఊహించినట్టే కిందికి దిగింది. స్తంభంపై రంగుతో గుర్తు పెట్టించి, ప్రతి షిఫ్టులో దాని స్థానాన్ని లాగ్ బుక్కులో రాయమన్నాను. పెట్టెకు మాత్రం తాళం వేయించాను.