గాలికి వాలిన ఆకులు

శుక్రవారం. కైరోలో ఆఫీసుకు సెలవు. పొద్దున బట్టలు ఉతికి ఆరేసి, మెట్రో ఎక్కి మార్ గిర్గిస్‌లో దిగాను. స్టేషన్ ఎదురుగానే ఈజిప్టు క్రైస్తవుల పాత కళని దాచిన కాప్టిక్ మ్యూజియం, 1908లో మార్కస్ సిమైకా పాషా మొదలుపెట్టింది. నేను రావడం ఇది మూడోసారి. ఎప్పుడొచ్చినా కైరో దగ్గరి సక్కారా నుంచి వచ్చిన రాళ్ళ దగ్గరే నా పొద్దంతా గడిచిపోతుంది.

అవి అక్కడి అపా జెరెమియా అనే క్రైస్తవ మఠం నుంచి తెచ్చిన సున్నపురాళ్ళు. పాడుబడి ఇసుకలో కూరుకుపోయిన ఆ మఠాన్ని 1906 నుంచి క్విబెల్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త తవ్వించాడు. మెట్లతో సహా పెద్ద రాతి ప్రసంగ వేదిక కూడా ఉంది, అందరూ దాని ముందే ఫొటోలు దిగుతారు. నన్ను మాత్రం స్తంభాల తలలే ఆపేస్తాయి.

ఒకదాని మీద చెక్కిన అకాంథస్ అనే ముళ్ళ మొక్క ఆకులన్నీ గాలి కొట్టినట్టు ఒకే పక్కకి వాలి ఉంటాయి. ఈరోజు అందులో ఒక్క ఆకునే చూస్తూ నిలబడ్డాను. అంచంతా రంపపు పళ్ళు. పంటికీ పంటికీ మధ్య రాయిని లోపలిదాకా తొలిచేశారు, అక్కడ చీకటి నిలిచింది. ఆ చీకటి మీదే ఆకు తెల్లగా లేచి కనబడుతోంది. సున్నపురాయి మెత్తన, ఉలికి ఇట్టే లొంగుతుంది. అంత మెత్తన కాబట్టే ఒక్క దెబ్బ ఎక్కువైతే ఆ కొన ఊడిపోతుంది. ఎక్కడ ఆగాలో ఆ చేతికి తెలుసు. ఎవరి చెయ్యో!

కాప్టిక్ శిల్పం గ్రీకు పనికి మోటు నకలని కొందరు తేలిగ్గా తీసేస్తారు. నాకు బాధేస్తుంది. గాలికి వాలిన ఆకులు ఇటలీలోని రవెన్నాలోనూ ఉన్నాయి, నిజమే. అక్కడ పాలరాయి. వీళ్ళు తమ కొండల్లో దొరికిన రాయితోనే ఆ గాలి వీచేలా చేశారు కదా.

సాయంత్రం ఫొటో పంపించి నాన్నకి ఫోన్ చేశాను.

"ఇది మన కోరంగి మడ అడవిలో ఆకులా ఉందిరా" అన్నాడు నాన్న వెంటనే. చిన్నప్పుడు పడవలో వెళ్తూ, నీలం పువ్వు కోసం చెయ్యి చాపి ఆ ముళ్ళ ఆకుతో వేలు గీరుకున్నాను. అదీ అకాంథస్ జాతిదే. నాన్నకి ఆ పేరు తెలియదు, ఆకు మాత్రం గుర్తుంది.

"అంచు తాకి చూశావా, గుచ్చుకుంటుందా?"

"ముట్టుకోకూడదు నాన్నా."

"చూస్తేనే గుచ్చుకునేట్టుంది లేరా" అన్నాడు.