కొల్లేటి గట్టు మీద జోనంగి

నిన్న పెళ్ళి పనిమీద కైకలూరు వెళ్ళొస్తుంటే చెరువు గట్టున జోనంగి జాతి కుక్క కనిపించింది. నున్నటి పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు. మట్టిలో గొయ్యి తవ్వుకుని పడుకుంది. మమ్మల్ని చూసి మొరగలేదు, అదోరకంగా రాగం తీసింది.

బాబాయి కారాపాడు. "కొల్లేరు చుట్టూ బాతుల మందల్ని తోలింది ఇదేరా. పొలాలు చేపల చెరువులయ్యాక దీనికి పని పోయింది. పైగా గట్లు తవ్వేస్తుందని జనానికి చేదైపోయింది" అన్నాడు.

2005లో తపాలా శాఖ రాజపాళయం, ముధోల్ హౌండ్‌తో కలిపి నాలుగు దేశవాళీ కుక్క జాతులకు స్టాంపులు వేసింది. మనదానికి చోటు దక్కలేదు. బెజవాడలో మా అపార్ట్‌మెంట్‌లో మాత్రం రెండు హస్కీలు, మంచు ప్రాంతాల కుక్కలు! ఈ ఎండల్లో వాటిని చూస్తే నాకే టెన్షన్.

ఫోటో తీద్దామని దిగాను. గోతిలోంచి తల కూడా ఎత్తలేదు మహారాణి.