మావారి బీపీ, మా ఇంటి ఉప్పు డబ్బా

మావారికి 71 ఏళ్లు. పోయిన మార్చిలో తల బరువుగా ఉందంటే రాజమండ్రిలో డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాను. బీపీ 168/94. టెల్మిసార్టాన్ మాత్ర రాసి, "ఉప్పు తగ్గించండమ్మా" అన్నారు. ఎంత, ఎలా అని అడగాలని ఆ టెన్షన్‌లో నాకు తోచలేదు.

మర్నాడు ఉప్పు వేయకుండా బీరకాయ కూర చేశాను. రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపారు. ఆ తర్వాత రెండు రోజులు మారు మాట్లాడకుండా తిన్నారు. అలవాటు పడ్డారని సంతోషించాను. నాలుగో రోజు చూస్తే ఆవకాయ జాడీ సగానికి దిగింది. "ఏమండీ, ఇదేంటి?" అంటే, "ముద్ద దిగొద్దా మరి?" అన్నారు. ఆ మాటకు నా మనసు చివుక్కుమంది. ఇన్నేళ్లు నేనే అలవాటు చేసిన రుచిని ఒక్క పూటలో లాగేసుకున్నాను.

అప్పుడు కిరాణా ఖాతా పుస్తకం తీశాను. కిలో ఉప్పు ప్యాకెట్ సుమారు 40 రోజులకు ఒకటి వస్తోంది. ఉండేది ఇద్దరం. అంటే మనిషికి రోజుకు 12 గ్రాముల పైమాటే. కాకరకాయ ముక్కలు పిండేసినప్పుడు కొంత పోతుంది, నిజమే. కానీ పచ్చళ్లు, అప్పడాలు, ఊరమిరపకాయలు ఈ లెక్కలోకి రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు. తలకొట్టి కొలిస్తే దాదాపు ఒక టీ స్పూను, అంతే.

ఆ రోజు నుంచి ఒక చిన్న స్టీలు డబ్బా పెట్టాను. పొద్దున్నే ఇద్దరికీ కలిపి నాలుగు స్పూన్లు కొలిచి పోసేదాన్ని. ఇడ్లీ పిండికైనా, పప్పుకైనా, చారుకైనా అందులోదే. అయిపోతే ఇక లేదు. వారానికి పావు స్పూను చొప్పున తగ్గించుకుంటూ వచ్చాను. పప్పులో మామిడికాయ, కూర దించాక నిమ్మకాయ, వేపుడులో వెల్లుల్లి, జీలకర్ర, నువ్వుల పొడి. మజ్జిగలో మాత్రం ఉప్పు పూర్తిగా మానేసి అల్లం, కరివేపాకు దంచి వేశాను. రెండు నెలలకు డబ్బాలో రెండు స్పూన్లకు వచ్చాం. ఈసారి ఆయన కంచం పక్కకు జరపలేదు. ఓ రోజు పెళ్లి భోజనంలో సాంబారు నోట పెట్టుకుని, "ఉప్పుకషాయంలా ఉందే" అన్నారు. నాకు ఎంత ఆనందమేసిందో!

మధ్యలో పక్కింటి వదిన గారు సోడియం తక్కువ ఉండే ఉప్పు వాడమన్నారు. కొనేశాను కూడా. ప్యాకెట్ మీద పొటాషియం అని చూసి డాక్టరు గారిని అడిగితే వద్దే వద్దన్నారు. మావారికి రక్తంలో క్రియాటినిన్ కాస్త ఎక్కువ, అంటే కిడ్నీల పనితీరు కొంచెం తగ్గిందన్నమాట, పైగా టెల్మిసార్టాన్ లాంటి మాత్రలతో ఒంట్లో పొటాషియం పెరగవచ్చట. అది మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. కొందరికి మేలు చేసే ఉప్పే మావారికి ప్రమాదం. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు దయచేసి అడగకుండా వాడకండి. సైంధవ లవణం మంచిదనుకుంటారు గానీ అందులోనూ ఉండేది ప్రధానంగా బీపీ పెంచే సోడియమే.

బీపీ చూడటం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. మొదట్లో ఆయన మేడ దిగి రాగానే, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టేదాన్ని. ఇప్పుడు కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చున్నాకే చూస్తాను. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి.

మే నెల ఎండల్లో ఒక పొద్దున మంచం మీంచి లేస్తూనే తూలి గోడ పట్టుకున్నారు. పడుకోబెట్టి చూస్తే బీపీ పై అంకె 132. నిలబెట్టి చూస్తే 106. నా కాళ్లూ చేతులూ ఆడలేదు. డాక్టరు గారు రక్తంలో సోడియం పరీక్ష చేయించి, అది బాగానే ఉందని చెప్పి, మాత్ర మోతాదు సగం చేశారు. ఉప్పు తగ్గింది, చెమట పోతోంది, నీళ్లు సరిగా తాగడం లేదు, మాత్ర మోతాదు మాత్రం అప్పటిదాకా పాతదే. పెద్ద వయసులో బీపీ దిగిపోయినా భయమేనని, పడితే తుంటి ఎముక విరుగుతుందని అప్పటిదాకా నేను ఆలోచించలేదు. ఇప్పుడు లేవగానే మంచం అంచున ఒక నిమిషం కూర్చుంటారు. వారానికోసారి నిలబెట్టి కూడా చూస్తున్నాను. కూర్చున్నప్పుడు 130, 136 మధ్య ఉంటోంది.

ఈ ఏడూ ఆవకాయ పెట్టాను. అందులో ఉప్పు తగ్గిస్తే బూజు పడుతుంది, అందుకే కొలత మార్చలేదు. పెద్ద జాడీ పైన అటక మీదే ఉంచి చిన్న సీసాలో పెట్టాను. ఆదివారం ఒక ముక్క. ఆయన దాన్ని కంచం అంచున పెట్టుకుని, పెరుగన్నం దాకా ముట్టుకోరు.