అలల్లేని సముద్రాన్ని నమ్మొద్దు: మన తీరంలో పాడిల్ బోర్డు

మే నెల పొద్దున ఆరున్నరకి నెల్లూరు దగ్గర మైపాడులోనో, ఒంగోలు దగ్గర కొత్తపట్నంలోనో నిలబడి చూడండి. అల మోకాలెత్తు కూడా లేవదు. ఒడ్డున నీళ్ళు నున్నగా ఉంటాయి. కొత్తగా స్టాండప్ పాడిల్ బోర్డు, అంటే నిలబడి పాడిల్‌తో (తెడ్డుతో) నడిపే పలక, కొన్నవాళ్ళకి ఇంతకంటే మంచి రోజు దొరకదనిపిస్తుంది. కానీ చాలాసార్లు బోర్డు బ్యాగులోంచి తీయకూడని రోజు అదే.

మన ఒడ్డు తూర్పుకి తిరిగి ఉంటుంది. పడమటి గాలి తోలినప్పుడు అల అణిగిపోతుంది, అందుకే నీళ్ళు నున్నగా కనిపిస్తాయి. అదే గాలి బోర్డుని సముద్రం లోపలికి తోస్తుంది. దీనికి తోడు ఒడ్డు వెంబడి సరుగుడు తోపులు. వాటి చాటున ఇసుకలో నిలబడ్డ మనిషికి గాలి పెద్దగా తగలదు. రెండు వందల మీటర్లు లోపలికి వెళ్ళాక, ఆ చాటు దాటాక, గాలి ఒక్కసారిగా వీపు మీద పడుతుంది. బోర్డు మీద నిలబడ్డ మనిషే అక్కడ తెరచాప. మామూలు పాడిలర్ నిలకడగా గంటకి నాలుగైదు కిలోమీటర్లు పోతాడు. గంటకి ఇరవై కిలోమీటర్ల ఎదురుగాలిలో ఎంత తోసినా ఒడ్డు దగ్గరికి రాదు, చేతులు మాత్రం అయిపోతాయి.

ఇంకో సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. మామూలు రోజుల్లో కనుచూపు మేరలో ఏదో ఒక మోటారు బోటు ఉంటుంది, చెయ్యూపితే వస్తుంది. ఈ రెండు నెలలూ ఆ ఆసరా తక్కువ. పడమటి గాలి జోరందుకునేదీ ఈ రోజుల్లోనే. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరుగుతుంది కదా, అదే ఒడ్డుకి తోస్తుందిలే అని లెక్కేసుకునేవాళ్ళున్నారు. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజున అది రెండు గంటలైనా తిరగకపోవచ్చు, అసలు తిరగకపోనూవచ్చు. నెల్లూరులో ఎండాకాలం గడిపినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు.

కాబట్టి నీళ్ళని కాదు, గాలిని చూడాలి. తోపు చాటు వదిలి, నీటి అంచు దాకా నడిచి, దూరంగా చూడండి. ఒడ్డు దగ్గర నున్నగా ఉండి, అవతల నీళ్ళు ముదురు రంగులో గరుకుగా కనిపిస్తే గాలి అక్కడ ఉన్నట్టే. లంగరేసిన పడవల మీద జెండాలు ఎటు రెపరెపలాడుతున్నాయో చూడండి. ఫోన్ యాప్‌లో గాలి దిక్కు డిగ్రీల్లో ఉంటే, అది గాలి ఎక్కడి నుంచి వస్తోందో చెప్పే లెక్క. 270 అంటే పడమర నుంచి వస్తున్నట్టు, పడమరకి పోతున్నట్టు కాదు. నేను పెట్టుకున్న హద్దు ఇది: సముద్రంలో పడమటి గాలి గంటకి పది కిలోమీటర్లు దాటితే దిగను. తూర్పు, ఆగ్నేయం గాలైతే పదిహేను దాకా ఫర్వాలేదు, అలసిపోయినా ఒడ్డుకే తోస్తుంది. ఎప్పుడైనా సరే, ముందు గాలికి ఎదురెళ్ళి, వచ్చేటప్పుడు గాలివాటున రావాలి. ఇది తిరగబడిందా, అలిసిపోయిన చేతులతో ఎదురీదాల్సొస్తుంది.

ఒకవేళ చిక్కుకుంటే వెంటనే మోకాళ్ళ మీద కూర్చోండి. గాలికి తగిలే ఒళ్ళు సగానికి సగం తగ్గుతుంది. అప్పటికీ ముందుకు సాగకపోతే బోర్డు మీద బోర్లా పడుకుని, పాడిల్ ఛాతీ కింద పెట్టి, చేతులతో నీళ్ళు లాగండి. ఏం జరిగినా బోర్డు వదిలి ఈదడానికి పోవద్దు. తేలుతూ ఉండేది, దూరం నుంచి కనబడేది అదే. ఫోన్ నీళ్ళు చొరబడని పౌచ్‌లో మెడకి ఉండాలి. కోస్ట్ గార్డ్ నంబరు 1554, అత్యవసరాలకి 112.

కాలం విషయానికొస్తే జనవరి నుంచి మార్చి దాకా పొద్దుటి పూటలు బంగారం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి అసలు వానలు, తుపాన్లు అప్పుడే. సముద్రం జోలికే పోవద్దు.

సముద్రమే ఎందుకు, బకింగ్‌హామ్ కాలవ ఉంది కదా అంటారు. నేర్చుకోవడానికి మంచిదే, అల ఉండదు. కానీ అక్కడి ఇబ్బందులు వేరు. పోటు పాటు వేళల్లో నీళ్ళు ఒక పక్కకి లాగుతాయి. కర్రలు పాతి కట్టిన వలలుంటాయి. గుర్రపుడెక్క బోర్డు అడుగున నిలువుగా ఉండే ఫిన్‌కి చుట్టుకుంటుంది. బోర్డు ఉన్నట్టుండి బరువెక్కి ఒక పక్కకే తిరుగుతుంటే అదే కారణం. దిగి పీకేసేదాకా తగ్గదు. రొయ్యల చెరువుల నీళ్ళు కలిసే చోట కాలికి గాయంతో దిగొద్దు. సోమశిల, కండలేరు, గుండ్లకమ్మ రిజర్వాయర్లు చూడ్డానికి ఊరిస్తాయి గానీ అవి ఇరిగేషన్ వాళ్ళవి, అనుమతి లేకుండా దిగకూడదు. పెన్నా మీద సంగం, నెల్లూరు బ్యారేజీల గేట్ల ఎగువన గానీ దిగువన గానీ ఎప్పుడూ వద్దు.

చాలామంది తప్పు చేసేది లీష్ దగ్గరే. బోర్డుని మనిషికి కట్టి ఉంచే తాడు అది. సముద్రంలో చీలమండకో, పిక్కకో కట్టుకోవచ్చు. పారే నీళ్ళలో, వలలూ గుంజలూ ఉన్న కాలవలో మాత్రం కాలికి కట్టొద్దు. బోర్డు గుంజకి ఒక పక్క, మీరు ఇంకో పక్క పడితే నీటి లాగుడుకి తాడు బిగుస్తుంది, వంగి కాలు విడిపించుకోవడం అయ్యే పని కాదు. అక్కడ నడుముకి కట్టుకునే బెల్టు కావాలి, ఒక్క లాగుడుకి ఊడిపోయే రకం. బెల్టుని ఊడదీసే పిడిని ఒడ్డునే కళ్ళు మూసుకుని రెండు చేతులతోనూ లాగి చూసుకోండి. లైఫ్ జాకెట్ ఎక్కడైనా తప్పదు. బోర్డు మీద కట్టిపెట్టిన జాకెట్ లెక్కలోకి రాదు.

ఇక బోర్డు. సరదాకి పాడిల్ చేసేవాళ్ళకి గాలి నింపే రకమే నయం, బస్సులోనైనా పట్టుకుపోవచ్చు. 75–80 కిలోల మనిషికి పదడుగుల ఆరంగుళాల పొడవు, 32 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం సరిపోతుంది. సన్నటి బోర్డు వేగంగా పోతుంది నిజమే, కానీ మొదటి ఏడాది నిలబడడానికే తంటా. కంపెనీ రాసిన గరిష్ఠ బరువు నమ్మొద్దు. అందులో మూడింట రెండొంతులే మీ బరువు, సామాను కలిపిన హద్దు అనుకోండి.

పంపు దగ్గర కొత్తవాళ్ళు కంగారు పడతారు. వాల్వ్ మధ్యలో ఉన్న పిన్ పైకి లేచి ఉండాలి. నొక్కుకుని కిందికి ఉంటే ఇరవై నిమిషాల కష్టం పైపు తీయగానే బుస్సుమని పోతుంది. ఒత్తిడి చూపే గేజ్ ముల్లు మొదట చాలాసేపు కదలదు, పంపు పాడైందనుకోవద్దు. బోర్డు పూర్తిగా ఉబ్బాకే అది లేవడం మొదలవుతుంది. పైకి లాగినా కిందికి నొక్కినా గాలి తోసే పంపుని ఏడెనిమిది పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర కిందికి నొక్కినప్పుడే తోసేలా మార్చుకోండి, లేకపోతే నడుం పడిపోతుంది. 12 నుంచి 15 మధ్య నింపాలి, ఎంతన్నది వాల్వ్ పక్కన రాసి ఉంటుంది. తక్కువ నింపితే నిలబడినచోట బోర్డు కుంగి ముందూ వెనకా పైకి లేస్తాయి. ఊగుడంతా మీ కాళ్ళ తప్పనుకుంటారు, తప్పు గాలిది.

మన ఎండకి ఇంకో లెక్క కావాలి. 27 డిగ్రీల పొద్దుటి చల్లదనంలో 15 పీఎస్ఐ నింపిన బోర్డు ఇసుక మీద ఎండకి 60 డిగ్రీలకు కాగితే లోపల 18 దాటుతుంది. అతుకులు విడేది అప్పుడే, అదీ చాలాసార్లు టిఫిన్ తినే వేళకి. నీళ్ళలోంచి తీయగానే నీడకి చేర్చండి, లేదంటే మూడు నాలుగు పీఎస్ఐ వదిలేయండి.

ఫిన్ సముద్రానికి 8–9 అంగుళాలు, కాలవకి 4–5. లోతులేని చోట పొడుగు ఫిన్ ఇసుక మేటకి తగిలితే బోర్డు టక్కున ఆగుతుంది, మీరు ఆగరు.

పాడిల్ పొడవు మీ ఎత్తుకి 20–25 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. 170 ఉన్నవాళ్ళకి 190–195. పొట్టిగా పెట్టుకుంటే ప్రతి లాగుడుకీ నడుం వంగుతుంది, సాయంత్రానికి నొప్పి. పాడిల్ చివర నీళ్ళలో మునిగే రెక్క వంపు ముందుకి ఉండాలి, అంటే కంపెనీ గుర్తు మీకు కాదు, బోర్డు మూతికి కనబడాలి. చూడ్డానికి తిరగేసినట్టుంటుంది గానీ అదే సరి. రెక్క ముందుకి వాలి ఉంటేనే లాగుడు చివరిదాకా నీళ్ళని నిలువుగా పట్టుకుంటుంది. తిరగేస్తే చివర్లో నీళ్ళని పైకి ఎత్తుతుంది, ఆ బలమంతా వృథా.

మోకాలి లోతుకి నడిచి, ఫిన్ నేలకి తగలడం లేదని చూసుకుని, మధ్య పిడికి రెండు పక్కలా మోకాళ్ళు పెట్టి ఎక్కండి. అల ఉంటే బోర్డు మూతి అలకి ఎదురుగా ఉండాలి. అడ్డంగా తిరిగిన బోర్డుకీ ఒడ్డుకీ మధ్య మీరు నిలబడితే అల దాన్ని మీ మోకాళ్ళకేసి కొడుతుంది. కొంచెం వేగం వచ్చాక ఒక్కో పాదం మోకాలున్న చోటుకి తెచ్చి లేవండి. ఆగి ఉన్న బోర్డు కంటే కదిలే బోర్డు మీద నిలకడ ఎక్కువ. పాదాలు భుజాల వెడల్పున, పక్కపక్కనే. చూపు దూరంగా. పాదాలకేసి చూస్తే పడతారు.

లాగుడు కాలివేళ్ళ ముందు మొదలై చీలమండ దగ్గర ముగియాలి. ఇంకా వెనక్కి లాగితే ముందుకు పోవడం తక్కువ, బోర్డు తిరగడం ఎక్కువ. రెక్క మొత్తం మునిగాకే బలం పెట్టండి. పై చేయి నీటి మీదికి, అంటే పాడిల్ ఉన్న పక్కకే ఉండాలి. కర్ర ఏటవాలైందంటే బోర్డు వంకర పోతుంది, నాలుగు లాగుళ్ళకోసారి చేయి మార్చుకోవాల్సొస్తుంది. చేతులు దాదాపు తిన్నగా ఉంచి నడుం పైభాగం తిప్పి లాగాలి. మరుసటి రోజు భుజాలు మాత్రమే నొప్పెడితే చేతులతో లాగారన్నమాట. పక్కటెముకల కింద నొప్పెడితే సరిగ్గానే చేశారు. పాదాలు తిమ్మిరెక్కుతుంటే కాలివేళ్ళు బిగిస్తున్నారు. వేళ్ళు ఒకసారి పైకెత్తి వదలండి, మోకాళ్ళు కాస్త వంచండి.

పడేటప్పుడు బోర్డుకి దూరంగా, వీపు మీదో పక్కకో వెడల్పుగా పడండి. తలకిందులుగా దూకొద్దు, ఇసుక మేట ఎక్కడుందో పైనుంచి కనబడదు. మళ్ళీ ఎక్కేటప్పుడు కాళ్ళు బోర్డు కిందికి వేలాడితే ఎక్కలేరు. ముందు కాళ్ళు తన్ని ఒళ్ళంతా నీటి పైకి తెచ్చుకుని, అప్పుడు మధ్య పిడి పట్టుకుని పొట్ట మీదికి జారండి. లోతులో పదిసార్లు వరసగా ఎక్కగలిగేదాకా ఒడ్డుకి వంద మీటర్లు దాటొద్దు.

వ్యాయామానికి జిమ్ అక్కర్లేదు. ఒంటికాలి మీద 45 సెకన్లు, కుదిరాక కళ్ళు మూసుకుని. ప్లాంక్ 30 సెకన్లు మూడు సార్లు. గుంజీళ్ళు పదిహేనేసి మూడు విడతలు, మడమ నేలకి ఆనించి. ఒక చేత్తో పది లీటర్ల నీళ్ళ బకెట్ పట్టుకుని నడుం వాలకుండా 40 అడుగులు నడిచి చేయి మార్చడం అన్నిటికంటే పనికొస్తుంది. నీళ్ళ మీద ఒళ్ళు పక్కకి పడిపోకుండా ఆపే కండలే ఇక్కడా పనిచేసేది. వారానికి మూడు రోజులు చాలు. నీళ్ళ మీద గంటకి అర లీటరుకి తగ్గకుండా తాగండి, ఎండాకాలం ఉప్పేసిన మజ్జిగో ఓఆర్‌ఎస్సో.

ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడగండి, ముఖ్యంగా వాల్వ్, ఫిన్ పెట్టె, పాడిల్ క్లిప్పు. వాల్వ్‌లో ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కున్నా రాత్రికి రాత్రి గాలి దిగిపోతుంది. బోర్డు చిల్లి పడిందనుకుని జిగురు వెతికే ముందు వాల్వ్ మీద సబ్బు నురగ రాసి చూడండి. బుడగలొస్తే కిట్‌లో ఇచ్చే ప్లాస్టిక్ తాళంతో కొంచెం బిగిస్తే చాలు. నిజంగా చిల్లే అయితే గాలి తీసేసి, అసిటోన్‌తో తుడిచి, బోర్డుకీ అతుకుకీ పీవీసీ జిగురు పల్చగా రెండు పూతలు వేసి, పూతకీ పూతకీ మధ్య అయిదు నిమిషాలు ఆరనిచ్చి, రెండో పూత చేతికి అంటుకునే దశలో ఉండగా అదిమి, 24 గంటలు బరువు పెట్టి వదిలేయండి. తేమగా ఉన్న తుపాను రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు, అతుకు నిలవదు.